వాళ్లు కొలవగలిగే అంకె

నా పీహెచ్‌డీ వైవా ముగిసిన సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. "ఇక చదువైపోయినట్టేగా?" అంది సంతోషంగా. అయిపోయింది, ఇప్పుడు పోస్ట్‌డాక్‌కి ప్రయత్నాలు మొదలుపెట్టాలి అన్నాను. కాసేపు ఆగి, "అది చదువా అమ్మా, ఉద్యోగమా?" అని అడిగింది. వీధిలో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆవిడకి ఒక్క ముక్క కావాలి. ఆ ముక్క ఆ రోజు నా దగ్గర లేదు.

ఉద్యోగమే. జీతం వస్తుంది, పన్ను కడతాం, కాంట్రాక్టు మీద ముగింపు తేదీ ఉంటుంది. రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. అయితే ఆ జీతం మనకి తెలిసిన విద్యకి ఇచ్చేది మాత్రమే కాదు. మనం చేరే ల్యాబ్‌లో ఎవరికీ అంతుపట్టనిదొకటి ఉంటుంది. దాన్ని మనం తేలుస్తామన్న నమ్మకం మీద ఇస్తారు. నేను ఇది గ్రహించక ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అరవైకి పైగా ఈమెయిళ్లు పంపాను. అన్నిట్లోనూ ఒకటే పాట: నాకు డీఎఫ్‌టీ (డెన్సిటీ ఫంక్షనల్ థియరీ) లెక్కలు వచ్చు, ఇన్ని పేపర్లున్నాయి, మీ గ్రూపులో పనిచేయాలని ఎంతో ఆసక్తి. వచ్చినవి రెండే జవాబులు, రెండూ మర్యాదగా కాదన్నవే.

ఆ తర్వాత ఒక ప్రయోగాల గ్రూపు పేపర్ చదువుతుంటే, ఒక గ్రాఫులో రెండు శిఖరాల మధ్య దూరానికి వాళ్లు చెప్పిన కారణం సరిపోదేమోనని తోచింది. మూడు రోజులు కూర్చుని లెక్క వేశాను. వచ్చిన అంకెతో ఎనిమిది వాక్యాల ఉత్తరం రాశాను. మర్నాడే జవాబు వచ్చింది. నా లెక్కలో ఒక పొరపాటు చూపించి, వచ్చే వారం మాట్లాడుకుందామా అని అడిగారు. తప్పు లెక్కతో తలుపు తెరుచుకుంది. ఎందుకంటే ఆ తప్పు వాళ్ల ప్రశ్న లోపలే జరిగింది.

సైద్ధాంతిక క్వాంటమ్ నానోసైన్స్‌లో పోస్ట్‌డాక్ వెతుక్కునే మీకు ఈ అధ్యాయంలో నేను చెప్పాలనుకున్నది ఇదే. ప్రయోగం చేసేవాళ్లు కొలిచి అవును, కాదు అనగలిగే ఒక అంకెను వాళ్ల ముందు పెట్టండి. మిగతా సలహాలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఒక ల్యాబ్‌ని ముందు పెట్టుకుందాం

గాల్లో మాట్లాడితే ఏదీ ఒంటబట్టదు కాబట్టి నిజంగా ఉన్న చోటు ఒకటి తీసుకుంటాను. సియోల్‌లోని ఇవా మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో 2017లో క్వాంటమ్ నానోసైన్స్ కేంద్రం మొదలైంది. దక్షిణ కొరియాలో 2011లో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ బేసిక్ సైన్స్ కింద పనిచేసే కేంద్రాల్లో అదొకటి. దాని స్థాపక డైరెక్టర్ ఆండ్రియాస్ హైన్‌రిష్. అంతకుముందు ఆయన కాలిఫోర్నియాలో ఐబీఎం వారి ఆల్మడెన్ ల్యాబ్‌లో ఉండేవారు. 2013లో కార్బన్ మోనాక్సైడ్ అణువులను ఒక్కొక్కటిగా జరిపి తీసిన బుల్లి సినిమా 'ఎ బాయ్ అండ్ హిజ్ ఆటమ్' అక్కడి ఆయన బృందం చేసిందే.

వాళ్ల పనిముట్టు స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్. 1981లో జూరిక్ ఐబీఎంలో గెర్డ్ బినిగ్, హైన్రిష్ రోరర్ దాన్ని తయారుచేశారు, 1986లో నోబెల్ అందుకున్నారు. సన్నటి లోహపు సూదిమొనను ఉపరితలానికి నానోమీటర్ కంటే దగ్గరగా తెస్తే, తాకకుండానే ఎలక్ట్రాన్లు మధ్య ఖాళీని దాటుతాయి. ఆ కొద్దిపాటి కరెంటుతో పరమాణువుల ఉనికి తెలుస్తుంది.

2015లో ఆల్మడెన్ బృందం ఇంకో అడుగు వేసింది. వెండి మీద మెగ్నీషియం ఆక్సైడ్‌ని అతి పల్చటి పొరగా పరిచి, దాని మీద ఒక్క ఇనుప పరమాణువును ఉంచారు. సూదిమొనకు గిగాహెర్ట్జ్ వేగంతో ఊగే వోల్టేజీ ఇచ్చారు. ఆ వేగం పరమాణువు స్పిన్‌కి సరిగ్గా సరిపోయిన చోట కరెంటులో ఒక శిఖరం లేచింది. కోటానుకోట్ల పరమాణువులు కలిస్తేగాని వినిపించని ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్ ఒక్క పరమాణువు నుంచే వినిపించింది. ఆ దారిలోనే 2023లో సియోల్ బృందం ఉపరితలం మీద పేర్చిన పరమాణువుల స్పిన్‌లనే క్యూబిట్‌లుగా చేసి, సూదిమొన కింద లేని పక్క క్యూబిట్‌లను కూడా నడిపి చూపించింది.

ఇందులో సిద్ధాంతం చేసేవాళ్లకి పనేముంది? చాలా ఉంది. నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇదే, అందుకే ఇక్కడ కాస్త నిలబడతాను.

స్పిన్‌ని తిప్పేది అయస్కాంత క్షేత్రం. సూదిమొనకు ఇచ్చింది విద్యుత్ వోల్టేజీ. మరి స్పిన్ ఎలా తిరిగింది? ప్రయోగం పనిచేసింది, ఎందుకు పనిచేసిందో మాత్రం వెంటనే తేలలేదు. పోర్చుగల్‌లోని బ్రాగా నగరంలో ఐబీరియన్ నానోటెక్నాలజీ ల్యాబ్‌కి చెందిన హ్వాకిన్ ఫెర్నాండెజ్-రొసియర్, ఆయన సహచరులు 2017లో ఒక వివరణ ఇచ్చారు. ఊగే విద్యుత్ క్షేత్రం పరమాణువును కంటికి కాదు కదా ఊహకి కూడా అందనంత కొద్దిగా పైకీ కిందికీ కదిలిస్తుంది. సూదిమొన చివర అయస్కాంత గుణమున్న పరమాణువులుంటాయి, దూరం మారితే వాటి ప్రభావం మారుతుంది. కాబట్టి కదిలే పరమాణువుకి తన చుట్టూ అయస్కాంత క్షేత్రమే ఊగుతున్నట్టు ఉంటుంది. టన్నెలింగ్ ఎలక్ట్రాన్లకే పెద్ద పాత్ర ఇచ్చే వివరణలూ వచ్చాయి. ఒక్కో వివరణా వోల్టేజీ, దూరం, కరెంటు మారినప్పుడు శిఖరం ఎలా మారాలో వేరువేరుగా చెబుతుంది. అంటే కొలిచి తేల్చవచ్చు.

పోస్ట్‌డాక్ అవకాశం పుట్టేది ఇలాంటి చోటే. ప్రయోగం ముందుకు వెళ్లి సిద్ధాంతం వెనకబడిన చోటు వెతకండి.

ప్రకటనలో ఒక మాట, లోపల మూడు పనులు

ప్రకటనలో "థియరీ" అని ఒక్క మాటే ఉంటుంది. దాని వెనక మూడు రకాల మనుషులు ఉండవచ్చు. మీరు ఎవరో తేల్చుకోకుండా దరఖాస్తు పెట్టకండి.

మొదటివాళ్లు డీఎఫ్‌టీ చేసేవాళ్లు. 1964లో హోహెన్‌బర్గ్, కోన్, 1965లో కోన్, షామ్ వేసిన పునాది అది. వాల్టర్ కోన్‌కి 1998లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పరమాణువు ఉపరితలం మీద ఏ స్థానంలో కూర్చుంటుంది, దాని మీద స్పిన్ ఎంత మిగులుతుంది అనే ప్రశ్నలకి ఈ లెక్కలు జవాబిస్తాయి. రెండోవాళ్లు ఆ ఫలితాల నుంచి నాలుగైదు పరామితులున్న చిన్న స్పిన్ హామిల్టోనియన్ తయారుచేస్తారు. మూడోవాళ్లు ఆ స్పిన్‌ని చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల సందడిలో వదిలి, అది ఎంతసేపు తన క్వాంటమ్ స్థితిని నిలుపుకుంటుందో మాస్టర్ ఈక్వేషన్‌తో లెక్కగడతారు.

ఈ మూడు పనులూ మూడు మెట్లనుకుంటే, వాటి మధ్య దూరం ఎంతో చూడండి. డీఎఫ్‌టీలో మనం ఎలక్ట్రాన్‌వోల్టుల్లో మాట్లాడతాం, మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టు దగ్గరికి వచ్చేసరికే జాగ్రత్తపడతాం. 1 గిగాహెర్ట్జ్ అంటే సుమారు 4 మైక్రో ఎలక్ట్రాన్‌వోల్టులు. 1 మెగాహెర్ట్జ్ తేడా అంటే ఒక ఎలక్ట్రాన్‌వోల్టుని వంద కోట్ల ముక్కలు చేస్తే వాటిలో నాలుగు. ప్రయోగం చేసేవాళ్లు శిఖరాల స్థానాలను మెగాహెర్ట్జుల్లో చదువుతారు. అంత చిన్న అంకెను డీఎఫ్‌టీ నుంచి నేరుగా తీశానని ఎవరైనా అంటే అనుమానించాలి. అందుకే మెట్టు మీంచి మెట్టు మీదికి దిగడం తెలిసిన మనిషికి ఈ రంగంలో అంత గిరాకీ. మీకు ఒక మెట్టు బాగా వచ్చి, పక్క మెట్టు భాష అర్థమైతే చాలు. మూడూ వచ్చని రాసుకోకండి, ఇంటర్వ్యూలో పది నిమిషాల్లో బయటపడుతుంది.

మన విశ్వవిద్యాలయాల్లో డీఎఫ్‌టీ నేర్చుకున్నవాళ్లు ఎక్కువ, రెండో మెట్టు దాకా దిగినవాళ్లు తక్కువ. తప్పు పిల్లలది కాదు. దిగే అవసరం అక్కడ రాలేదు. ఆ అవసరాన్ని మీరే కల్పించుకోవాలి.

ఒక శని, ఆదివారం

కల్పించుకునే పద్ధతి చెబుతాను. సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే క్యూటిప్ అనే పైథాన్ లైబ్రరీ, ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ముందు రెండు అంకెలు నోటికి వచ్చేలా చూసుకోండి. స్వేచ్ఛగా ఉన్న ఒక ఎలక్ట్రాన్ స్పిన్‌కి 1 టెస్లా క్షేత్రంలో 28 గిగాహెర్ట్జ్ శక్తి తేడా. 1 కెల్విన్ ఉష్ణోగ్రతకి సుమారు 21 గిగాహెర్ట్జ్. ఈ రెండూ పక్కపక్కన పెడితే, ఆ యంత్రాలను ద్రవ హీలియంతో అంతగా ఎందుకు చల్లబరుస్తారో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. వేడి ఎక్కువైతే స్పిన్ పైనా కిందా దాదాపు సమానంగా ఉంటుంది, తిప్పినా తేడా కనిపించదు.

ఇప్పుడు రెండు స్పిన్‌లను 1 నానోమీటర్ దూరంలో పెట్టండి. వాటి మధ్య అయస్కాంత ద్విధ్రువ బంధం బలం సుమారు 52 మెగాహెర్ట్జ్, దిశను బట్టి మారుతుంది. దూరం రెట్టింపు చేస్తే అది ఎనిమిదో వంతుకి, అంటే 6.5 మెగాహెర్ట్జ్‌కి పడిపోతుంది. ప్రయోగంలో శిఖరం వెడల్పే 10 మెగాహెర్ట్జ్ ఉంటే 1 నానోమీటర్ దగ్గర చీలిక స్పష్టంగా కనిపిస్తుంది, 2 నానోమీటర్ల దగ్గర మసకబారిపోతుంది. బాగా దగ్గరికి తెస్తే ఇంకో బంధం పైచేయి అవుతుంది. ఎక్స్ఛేంజ్ అనే ఆ బంధం దూరంతో పాటు ఇంకా వేగంగా పడిపోతుంది. రెండింటినీ కలిపి గ్రాఫు గీయండి. ఏ దూరం దగ్గర ఒకటి తగ్గి రెండోది మిగులుతుందో చూడండి.

ఇప్పుడు మీరు దరఖాస్తు పెట్టబోయే గ్రూపు పేపర్ తెరిచి, వాళ్ల పరమాణువుల దూరాలు, వాళ్ల శిఖరాల వెడల్పు ఇందులో పెట్టండి. అసలు పేపర్ కంటే వెనకుండే సప్లిమెంటరీ ఫైలులో ఈ వివరాలు ఎక్కువగా దొరుకుతాయి. వాళ్లు ఇంకా పెట్టని ఒక అమరికను మీరు పెట్టి చూడండి. ఏం కనిపించాలి? ఆ జవాబే మీ ఉత్తరం.

ఉత్తరం, రికమెండేషన్

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టే మన అలవాటు మానాలి. గ్రూపు నడిపేది ఒకావిడ అయినా చాలామంది సర్ అనే రాస్తారు, అక్కడితోనే ఆ ఉత్తరాన్ని వందమందికి పంపారని తెలిసిపోతుంది. ప్రొఫెసర్ అని ఇంటిపేరు రాయండి, చాలు.

మొదటి పేరాలో మీ గురించి ఏమీ వద్దు. వాళ్ల ఏ ఫలితం చదివారు, అందులో మీకు ఏం తేలలేదు, మీరు వేసిన లెక్క ఏమంది అని మూడు నాలుగు వాక్యాలు. రెండో పేరాలో మీ పీహెచ్‌డీ పని, మీరు నిలబడ్డ మెట్టు, నేర్చుకోవాలనుకుంటున్న మెట్టు. చివర్లో మీ కోడ్ ఎక్కడ చూడవచ్చో చెప్పండి. ఇంకొకరు నడిపితే నడిచే చిన్న కోడ్ ఒకటి ఉంటే, పది ప్రోగ్రాముల పేర్ల జాబితా కంటే నమ్మకం ఎక్కువ. ఇలాంటి ఉత్తరాలు నెలకి రెండు మూడే రాయగలరు. అంతే రాయండి.

రికమెండేషన్ లెటర్ దగ్గర మనవాళ్లకి ఒక పెద్ద ఇబ్బంది ఉంది. "నువ్వే డ్రాఫ్ట్ రాసి తీసుకురా, సంతకం పెడతాను" అనే గైడ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ మాట ప్రేమతోనే అంటారు, వాళ్లకి తీరిక ఉండదు. అయినా రాయకండి. మీ గురించి మీరు రాసుకున్న వాక్యాలు చదివేవాళ్లకి తెలిసిపోతాయి, పైగా మూడు ఉత్తరాలూ ఒకే గొంతుతో ఉంటాయి. దానికి బదులు గైడ్ చేతికి ఒక కాగితం ఇవ్వండి: ఏ పేపర్లో ఏ భాగం నేను చేశాను, ఏ లెక్క ఎక్కడ ఆగిపోతే ఎలా దాటాను, జూనియర్లకి ఏం నేర్పాను. "సార్, మీకు గుర్తు చేయడానికి రాసుకొచ్చాను" అనండి. మా జూనియర్ ఒకడు ఇలాగే చేశాడు. వాళ్ల గైడ్ ఆ కాగితం చదివి, తాను మర్చిపోయిన ఒక సంగతి గుర్తొచ్చి, పేజీన్నర ఉత్తరం స్వయంగా రాశారు.

పేర్లు, పత్రాలు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ తెలుగువాళ్లని దీనంతగా ఏడిపించేది లేదు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో విడిగా, పేపర్ల మీద ఒక్క పొడి అక్షరం, పీహెచ్‌డీ డిగ్రీలో ఇంకోలా. విదేశీ కార్యాలయానికి వీళ్లు నలుగురు మనుషులు. థీసిస్ ఇచ్చే ముందే పాస్‌పోర్టులో ఉన్న రూపాన్ని ఖాయం చేసుకోండి, పేపర్లకి ఓర్కిడ్ నంబరు తీసుకోండి.

ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా ఒరిజినల్ డిగ్రీకి (ఓడీకి) వెంటనే దరఖాస్తు పెట్టండి. మళ్లీ కాన్వొకేషన్ ఎప్పుడు జరుగుతుందో అని ఎదురుచూస్తూ చేరే తేదీ పోగొట్టుకున్నవాళ్లని చూశాను. కొరియాలాంటి దేశాలకి డిగ్రీ మీద విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర కావాలి, దానికి ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ ఉంటుంది. అక్కడ పరిశోధకులకి ఇచ్చే వీసా పేరు ఈ-3. సియోల్‌లో అద్దె ఇంటికి పెద్ద మొత్తం ముందే డిపాజిట్ కట్టాలి కాబట్టి, సంస్థ వసతి చూపిస్తుందా అని ఆఫర్ వచ్చిన రోజే అడగండి. ఇలా అడగడం మర్యాద తక్కువ కాదు.

గడియారాలు కూడా చూసుకోవాలి. జర్మనీ వారి హుంబోల్ట్ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి పీహెచ్‌డీ అయ్యాక 4 ఏళ్లలోపు పెట్టుకోవాలి. యూరప్ మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి 8 ఏళ్లు. మన దేశంలోనూ దారులున్నాయి. నేషనల్ క్వాంటమ్ మిషన్‌ని 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో కేంద్రం ఆమోదించింది, హైదరాబాద్‌లో టీఐఎఫ్ఆర్ కేంద్రం ఉంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆరోగ్యం వల్లో, పిల్లల వల్లో కదల్లేనివాళ్లు ఇక్కడే ఉండి, బయటి ప్రయోగాల గ్రూపుతో కలిసి లెక్కలు చేయవచ్చు. సిద్ధాంతం చేసేవాళ్లకి ఆ వెసులుబాటు ఉంది, వాడుకోండి.

గదిలో ఉన్నది ప్రయోగం చేసేవాళ్లు

ఇంటర్వ్యూ అంటే సాధారణంగా ఒక సెమినార్, తర్వాత విడివిడిగా మాటలు. వినేవాళ్లలో సగానికి పైగా యంత్రం దగ్గర రాత్రుళ్లు గడిపేవాళ్లు. పది స్లైడ్ల ఫార్ములాలు చూపిస్తే వాళ్లు మర్యాదగా వింటారు, అంతే. మొదటి అయిదు నిమిషాల్లో వాళ్ల గ్రాఫునే తెర మీద పెట్టండి. దాని మీద మీ గీత గీయండి. ఎక్కడ కలిసిందో, ఎక్కడ కలవలేదో మీరే చెప్పండి. కలవని చోటును దాచారంటే వాళ్ల కళ్లు అక్కడే పడతాయి.

ఎవరైనా ప్రశ్న వేస్తే, తెలియకపోతే తెలియదనండి. వెంటనే "ఎలా తెలుసుకుంటానంటే" అని బోర్డు దగ్గరికి వెళ్లండి. మన చదువుల్లో తెలియదన్న మాటకి మార్కులు పోయేవి, ఆ భయం ఎముకల్లో ఉంటుంది. నాకు అది వదలడానికి రెండేళ్లు పట్టింది. మీరు ముందే అద్దం ముందు, స్నేహితుల ముందు ఆ మాట పైకి అని అలవాటు చేసుకోండి. మీరు కూడా ప్రశ్నలు తీసుకెళ్లాలి: ఇంతకుముందు ఇక్కడ పోస్ట్‌డాక్ చేసినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? కొలతలు జరిగేటప్పుడు థియరీ వాళ్లు గదిలోకి రావచ్చా? రెండో ప్రశ్నకి వచ్చే జవాబును బట్టి ఆ గ్రూపులో మీ రెండేళ్లు ఎలా ఉంటాయో తెలిసిపోతుంది.

చేరాక మొదటి నెల కొత్త కోడ్ రాయకండి. ఒక కొలత మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా పక్కన కూర్చోండి. సూదిమొనను ఎలా సిద్ధం చేస్తారో, పరమాణువును ఎలా ఎత్తి పెడతారో, బయట బరువైన బండి పోతే కరెంటు గీత ఎలా వణుకుతుందో చూడండి.

నేను అలా కూర్చున్న ఒక రాత్రి, శిఖరం ఫలానా చోట వస్తుందని ముందే కాగితం మీద రాసి గోడకి అంటించాను. నా పక్కనున్న సహచరి మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీని నెమ్మదిగా జరుపుతూ పోయింది. నేను రాసిన చోట ఏమీ లేదు. ఇంకో 40 మెగాహెర్ట్జ్ దాటాక శిఖరం లేచింది. ఆ అమ్మాయి నా వైపు తిరిగి, సూదిమొన అయస్కాంత దిశ నిటారుగా ఉందని ఎందుకు అనుకున్నావు అని అడిగింది. ఎందుకనుకున్నానో నా దగ్గర జవాబు లేదు. లెక్క సులువవుతుందని అలా తీసుకున్నాను. ఇద్దరం బోర్డు దగ్గరికి వెళ్లాం. కోణాన్ని తెలియని రాశిగా పెట్టి మొదటి నుంచి లెక్క కట్టాం. తెల్లవారేసరికి, ఉన్న కొలతల నుంచే ఆ కోణాన్ని రాబట్టే దారి దొరికింది.